యూనిట్ - 12: ఇటలీలో అరుదైన దర్శనీయ స్థలాలు - వాటి వెనుక చరిత్ర

విషయక్రమం

12.0 లక్ష్యాలు
12.1 ప్రవేశిక
12.2 పొజ్జువోలి: లేచి పడే నేల
12.3 అల్బెరొబెల్లో: సున్నం లేని ఇళ్లు
12.4 మతేరా: గుహల పట్టణం
12.5 కురోన్: సరస్సులో నిలిచిన గోపురం
12.6 చివీతా: కరిగిపోతున్న కొండ
12.7 తులనాత్మక పరిశీలన
12.8 సారాంశం
12.9 కీలక పదాలు
12.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

12.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
- ఇటలీలోని ఐదు అరుదైన స్థలాలు ఏర్పడిన తీరును వివరించగలుగుతారు.
- నేల, రాయి, కట్టడం కూడా చరిత్రకు ఆధారాలు ఎలా అవుతాయో చెప్పగలుగుతారు.
- ఒక నివాస ప్రాంతం దర్శనీయ స్థలంగా మారినప్పుడు అక్కడి ప్రజలకు ఏం జరిగిందో పరిశీలించగలుగుతారు.

12.1 ప్రవేశిక

ఇటలీ అనగానే రోమ్‌లోని కొలోసియం, పీసాలోని వాలిన గోపురం, వెనిస్ కాలువలు గుర్తుకు వస్తాయి. విహారయాత్రకు వెళ్లేవారిలో ఎక్కువమంది వీటిని చూసి తిరిగి వస్తారు. వీటికి భిన్నమైన దృశ్యాలు కూడా ఆ దేశంలో ఉన్నాయి. సముద్ర జీవులు తొలిచిన పాలరాతి స్తంభాలు, సున్నం వాడకుండా కట్టిన శంకు ఆకారపు కప్పుల ఇళ్లు, కొండలో తొలిచిన వీధులు, సరస్సు నీటిలోంచి పైకి కనిపించే చర్చి గోపురం, ఏటేటా అంచులు విరిగిపడే కొండమీది ఊరు అలాంటివి.

వీటిని వింతలుగా చూసి వదిలేస్తే ఫోటోలు మిగులుతాయి, చరిత్ర మిగలదు. అందువల్ల ప్రతి స్థలం దగ్గరా మనం మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇక్కడ ప్రకృతి చేసిందేమిటి? ప్రజలు చేసిందేమిటి? ప్రభుత్వం చేసిందేమిటి? ఈ మూడింటికీ జవాబులు వెదికితే ఒక విషయం బయటపడుతుంది. ఈ ఐదింటిలో నాలుగు చోట్ల, జనం ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. ఒక్క చోట మాత్రం ప్రజలు నిలబడి తమ ఊరిని తమదిగా చేసుకున్నారు. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకోవడమే ఈ యూనిట్ ముఖ్య ఉద్దేశం.

12.2 పొజ్జువోలి: లేచి పడే నేల

నేపుల్స్‌కు పడమటి వైపున, నగర రైలులోనే చేరుకోగల దూరంలో పొజ్జువోలి అనే రేవు పట్టణం ఉంది. రోమన్ల కాలంలో దీని పేరు ప్యుటియోలి. ఈజిప్టు నుంచి రోమ్‌కు ధాన్యం తెచ్చే ఓడలు చాలాకాలం ఇక్కడే ఆగేవి. ఈ పట్టణం 'కాంపీ ఫ్లెగ్రే', అంటే మండే పొలాలు అనే అగ్నిపర్వత ప్రాంతంలో ఉంది. ఇది వెసూవియస్ లాగా ఒకే శిఖరంగా కనిపించే పర్వతం కాదు. 12 నుంచి 15 కిలోమీటర్ల వెడల్పున్న పెద్ద పల్లం. అందులో కొంత భాగం సముద్రం కింద ఉంది. దాని మీదే పట్టణాలు, పొలాలు, రహదారులు ఉన్నాయి.

12.2.1 మూడు స్తంభాల సాక్ష్యం

1750లో ఇక్కడ బూర్బన్ రాజు చార్లెస్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపినప్పుడు సెరాపిస్ దేవుడి విగ్రహం దొరికింది. దాంతో ఆ కట్టడాన్ని సెరాపిస్ ఆలయం అన్నారు. నిజానికి అది రోమన్ల అంగడి అని తరువాత తేలింది. పాత పేరు మాత్రం జనం నోట నిలిచిపోయింది. అక్కడ మూడు ఎత్తైన పాలరాతి స్తంభాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అడుగు నుంచి సుమారు 12 అడుగుల వరకు రాయి నునుపుగా ఉంటుంది. దాని పైన సుమారు 9 అడుగుల మేర రాయి నిండా రంధ్రాలు ఉంటాయి. ఆపైన మళ్లీ రంధ్రాలు లేవు.

ఆ రంధ్రాలు సముద్రంలో బతికే, రాతిని తొలిచే ఒక ఆల్చిప్ప జాతి జీవి చేసినవి. ఆ జీవి స్తంభం నడుమ ఉండాలంటే సముద్రం అంత ఎత్తు వరకు ఉండాలి. అడుగుభాగం అప్పటికే మట్టి, బూడిద, శిథిలాల కింద పూడిపోయింది గనుక అక్కడ రంధ్రాలు పడలేదు. పైభాగం నీటికి పైన ఉండిపోయింది. అంటే రోమన్ల తరువాత ఈ నేల సముద్రంలోకి కుంగింది, మళ్లీ పైకి లేచింది. ఇదంతా జరిగినా స్తంభాలు కూలలేదు.

బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయెల్ 1828లో ఈ స్తంభాలను చూశాడు. 1830లో వెలువడిన తన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ జియాలజీ' మొదటి సంపుటి ముఖచిత్రంగా వాటి బొమ్మనే వేయించాడు. భూమి రూపురేఖలు పెను విపత్తుల వల్లే మారాయనే వాదం అప్పట్లో బలంగా ఉండేది. కళ్లముందు జరిగే నెమ్మది మార్పులు కూడా భూమిని మార్చగలవని చెప్పడానికి అతనికి ఈ అంగడి శిథిలం ఉపయోగపడింది. నేల ఇలా నెమ్మదిగా లేవడాన్ని, కుంగడాన్ని 'బ్రాడిసీజం' అంటారు. భూమి లోపలి శిలాద్రవం, వాయువులు, వేడినీటి ఒత్తిడి దీనికి కారణాలు.

12.2.2 దస్తావేజుల సాక్ష్యం

రాతి సాక్ష్యానికి కాగితపు సాక్ష్యం కూడా తోడుగా ఉంది. 1503లో స్పెయిన్ రాజదంపతులు ఫెర్డినాండ్, ఇసబెల్లాల పేరిట వెలువడిన దానపత్రం, సముద్రం వెనక్కి తగ్గుతున్న చోట ఎండుతున్న నేలను పొజ్జువోలికి ఇచ్చింది. 1511 నాటి మరో పత్రంలో అలాంటి నేల అప్పటికే ఎండిపోయినదిగా నమోదయింది. భూదానం కోసం రాసిన ఈ పత్రాలు నేల పైకి లేస్తున్నదనే విషయాన్ని తమకు తెలియకుండానే నమోదు చేశాయి. 1538 సెప్టెంబరు 29న అక్కడ భూమి బద్దలై, వారం రోజుల్లోనే ఒక కొత్త కొండ ఏర్పడింది. త్రిపెర్గోలె అనే గ్రామం దాని కింద పోయింది. ఆ కొండ పేరు 'మోంతె నువోవో', అంటే కొత్త కొండ. నేడు దాని మీద చెట్లున్నాయి. యాత్రికులు నడిచి ఎక్కవచ్చు.

దగ్గరలోని బయియాలో నేల కుంగడం వల్ల కలిగిన ఫలితం కనిపిస్తుంది. ఇది రోమన్ చక్రవర్తులు, ధనికులు విలాసగృహాలు కట్టుకున్న ఊరు. దాని తీర భాగం నేడు సముద్రం అడుగున ఉంది. 2002లో దానిని సముద్రగర్భ పురావస్తు ఉద్యానంగా ప్రకటించారు. అడుగున గాజు అమర్చిన పడవల్లోంచి రంగురాళ్ల నేలలను, గోడలను చూడవచ్చు.

12.2.3 ఖాళీ అయిన పేట

పొజ్జువోలి పాత పట్టణం పేరు రియోనే తెర్రా. సముద్రం మీదికి పొడుచుకు వచ్చిన గుట్ట మీద ఉన్న పేట అది. బెస్తలు, పేదలు ఇక్కడ కిక్కిరిసి బతికేవారు. నేల మళ్లీ లేవడం మొదలు కావడంతో 1970 మార్చి 2న పోలీసులు, సైనికులు వచ్చి పేటను ఖాళీ చేయించారు. సుమారు 3,000 మంది చేతికందిన సామానుతో కదిలారు. ప్రమాదం నిజమే. కానీ సముద్రపు ఒడ్డు నుంచి పేదలను పంపివేయడానికే ఇంత తొందర పడ్డారని అనుమానించినవారు కూడా ఉన్నారు. 1982-84 మధ్య నేల మరో 1.8 మీటర్లు లేచింది. పట్టణం నడిబొడ్డు నుంచి 40,000 మంది దాకా వెళ్లవలసి వచ్చింది. వారిలో చాలామంది కోసం మోంతెరుస్చెల్లో అనే కొత్త పేటను కట్టారు.

రియోనే తెర్రాలో నేడు యాత్రికులు నేల కింది రోమన్ వీధుల్లో నడుస్తారు. అక్కడి చర్చి 1964లో కాలిపోయినప్పుడు, దాని గోడల్లో దాగి ఉన్న రోమన్ ఆలయపు పాలరాతి స్తంభాలు బయటపడ్డాయి. రెండింటినీ కలిపి పునరుద్ధరించిన ఆ చర్చిని 2014లో తిరిగి తెరిచారు. అయితే 1970లో వెళ్లిన కుటుంబాలు తిరిగి ఆ ఇళ్లకు రాలేదు. 2005 నుంచి నేల మళ్లీ లేస్తూనే ఉంది. ఓడరేవులో నీటి లోతు తగ్గి పడవలు ఒడ్డుకు చేరడం కష్టమవుతోంది. చిన్న భూకంపాలు తరచుగా వస్తున్నాయి. పొజ్జువోలి ప్రజలకు ఈ చరిత్ర ఇంకా ముగియలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
1. స్తంభాల అడుగుభాగంలో రంధ్రాలు ఎందుకు లేవు?
2. 1503, 1511 నాటి దానపత్రాలు భూగర్భ చరిత్రకు ఎలా ఆధారమయ్యాయి?

12.3 అల్బెరొబెల్లో: సున్నం లేని ఇళ్లు

ఇటలీ పటంలో బూటు మడమ దగ్గర పూలియా ప్రాంతం ఉంది. అక్కడి నేలలో ఎక్కడ తవ్వినా సున్నపురాయి పలకలు దొరుకుతాయి. పొలం దున్నాలంటే ముందు రాళ్లు ఏరాలి. ఏరిన రాళ్లనే సున్నం, మట్టి లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి రైతులు ఇళ్లు కట్టుకున్నారు. గోడలు బాగా మందంగా ఉంటాయి. పైకప్పు వలయాలుగా చిన్నదవుతూ శంకు ఆకారంలో ముగుస్తుంది. ఇలాంటి ఇంటిని 'త్రుల్లో' అంటారు. అల్బెరొబెల్లోలో 1,500కు పైగా ఇలాంటి ఇళ్లున్నాయి. పొలంలో గుడిసెగా ఇలాంటి కట్టడం ఆ ప్రాంతమంతా కనిపిస్తుంది. ఊరు మొత్తం ఇలాగే ఉండటం మాత్రం అల్బెరొబెల్లో ప్రత్యేకత.

దీనికి కారణం రాయి ఒక్కటే కాదు, చట్టం కూడా. నేపుల్స్ రాజ్యంలో రాజు అనుమతి లేకుండా, రాజుకు కట్టవలసిన పన్ను చెల్లించకుండా ప్రభువులు కొత్త ఊరు నెలకొల్పరాదు. కాన్వెర్సానో కౌంట్లు అయిన అక్వవీవా వంశీయులు అడవి నరికించి, సాగు చేయించడానికి ఇక్కడ రైతులను చేర్చారు. సున్నం వాడి ఇల్లు కట్టవద్దని ఆంక్ష పెట్టారు. రాజు తనిఖీ అధికారులు వస్తే ఇళ్లు విప్పి రాళ్ల కుప్పలుగా చూపించవచ్చన్నది దాని ఉద్దేశమని స్థానికులు చెప్పుకుంటారు. ఈ పద్ధతిలో కౌంటుకు పన్ను మిగిలింది. రైతుకు మాత్రం తన ఇల్లు ఎప్పుడు విప్పవలసి వస్తుందో తెలియదు. ఊరే లేనప్పుడు ఊరి హక్కులు కూడా లేవు.

18వ శతాబ్దం చివరికి ఇక్కడి ప్రజలు ఈ స్థితిని భరించలేకపోయారు. వారి ప్రతినిధులు కౌంటును దాటి నేరుగా రాజు నాలుగవ ఫెర్డినాండ్‌కు మొర పెట్టుకున్నారు. 1797 మే 27న రాజు అల్బెరొబెల్లోను ప్రభువు అధికారం నుంచి తప్పించి రాచపట్టణంగా ప్రకటించాడు. ఆ ఏడాదే అక్కడ సున్నంతో ఒక ఇల్లు లేచింది. 'కాసా దమోరె' అనే ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. త్రుల్లి ఇళ్లను చూడటానికి వచ్చే యాత్రికులలో చాలామంది దాని ముందు ఆగరు. అది చూడటానికి మామూలు ఇల్లే. కానీ ఆ ఊరి చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన కట్టడం అదే. సున్నం వాడటం ఆ రోజుల్లో వారికి దక్కిన హక్కు.

1996లో యునెస్కో అల్బెరొబెల్లో త్రుల్లి ఇళ్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎప్పుడైనా విప్పేయడానికి కట్టిన ఇళ్లు చట్టం రక్షించే వారసత్వ సంపదగా మారాయి.

12.4 మతేరా: గుహల పట్టణం

అల్బెరొబెల్లోకు పడమటి దిశగా, పొరుగున ఉన్న బసిలికాతా ప్రాంతంలో మతేరా ఉంది. గ్రవీనా అనే లోతైన లోయ అంచున మెత్తని సున్నపురాతి కొండను తొలిచి ప్రజలు ఇళ్లు, చర్చిలు, వీధులు ఏర్పరచుకున్నారు. ఈ గుహల పేటలను 'సస్సీ' అంటారు. ఆ మాటకు రాళ్లు అని అర్థం. ఒక ఇంటి పైకప్పు మరో వీధికి నేలగా ఉంటుంది.

వాన తక్కువగా పడే ఈ చోట బతకడానికి వారు నీటిని పట్టి ఉంచే ఏర్పాట్లు చేసుకున్నారు. పైకప్పుల మీద, వీధుల్లో పడిన వాన కాలువల ద్వారా రాతిలో తొలిచిన తొట్లలోకి చేరేది. పైపేటలోని కూడలి కింద ఉన్న 'పలొంబారో లుంగో' అనే నీటి తొట్టి అన్నిటికంటే పెద్దది. అందులో దాదాపు 50 లక్షల లీటర్ల నీరు పడుతుంది. కొన్ని ఇళ్లకు ఒకే వాకిలి, ఒకే బావి ఉండేవి. అలా కలిసి బతికే ఇళ్ల గుంపును 'వీచినాతో' అనేవారు. ఒకరి పిల్లలను మరొకరు చూసుకోవడం, రొట్టెల కాల్పు, కష్టసుఖాలు అన్నీ అక్కడే జరిగేవి.

అయితే ఈ పట్టణం ఎప్పుడూ ఒకేలా లేదు. 1663 నుంచి 1806 వరకు మతేరా బసిలికాతా రాజధానిగా ఉంది. తరువాత రాజధాని పొటెన్జాకు మారింది. జనాభా పెరిగింది, పని తగ్గింది. కొత్త ఇళ్లకు స్థోమత లేక నీటి తొట్లను, పశువుల కొట్టాలను కూడా నివాసాలుగా మార్చుకున్నారు. గాలి, వెలుతురు లేని ఒకే గదిలో కుటుంబమంతా, దానితోపాటు గాడిద, కోళ్లు ఉండేవి. మలేరియా, ట్రకోమా వ్యాపించాయి. పురాతనమైన గుహలు వాటంతట అవే నరకం కాలేదు. పేదరికం, నిర్లక్ష్యం వాటిని అలా మార్చాయి.

ఫాసిస్టు ప్రభుత్వం 1935లో ఈ ప్రాంతానికి ప్రవాసం పంపిన వైద్యుడు, చిత్రకారుడు కార్లో లేవి. 1945లో అతను ప్రచురించిన 'క్రీస్తు ఎబోలీ దగ్గరే ఆగిపోయాడు' అనే పుస్తకంలో, మతేరాను చూసి వచ్చిన తన సోదరి చెప్పిన దృశ్యాలున్నాయి. అక్కడి పిల్లలు ఆమె వెంటపడి డబ్బు అడగలేదు, మలేరియాకు మందు క్వినైన్ అడిగారు. ఆ పుస్తకం దేశాన్ని కదిలించింది. మతేరాను జాతికి అవమానంగా రాజకీయ నాయకులు వర్ణించారు. 1950లో ప్రధాని దె గాస్పెరి అక్కడికి వచ్చి చూశారు. 1952లో చట్టం వచ్చింది. ఆ తరువాతి ఏళ్లలో 15,000 మందికి పైగా ప్రజలను కొత్త పేటలకు తరలించారు.

తరలింపు వల్ల మేలు జరిగింది. నీరు, మరుగుదొడ్డి, కిటికీ ఉన్న ఇల్లు అప్పటిదాకా వారికి తెలియవు. లా మర్తెల్లా వంటి కొత్త గ్రామంలో వాస్తుశిల్పులు పొరుగు బంధాన్ని నిలపాలని కూడా ప్రయత్నించారు. అయినా పాత వీచినాతో తిరిగి రాలేదు. ఖాళీ అయిన గుహలకు తలుపులు మూసేశారు. ఏళ్లపాటు అవి శిథిలమయ్యాయి. పసోలినీ 1964లో తీసిన క్రీస్తు చిత్రంలో జెరూసలేంగా కనిపించేది ఈ సస్సీయే.

1986లో పునరుద్ధరణకు నిధులిచ్చే చట్టం వచ్చింది. 1993లో యునెస్కో గుర్తింపు లభించింది. 2019లో మతేరా ఐరోపా సాంస్కృతిక రాజధాని అయింది. నలభై ఏళ్లలో జాతికి అవమానం అన్నది జాతికి గర్వకారణంగా మారింది. గాడిదలు కట్టేసిన గుహలు నేడు ఖరీదైన హోటల్ గదులు. కొండ, రాయి అవే. బతికేవాళ్లు, చూసేవాళ్లు మారారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
1. అల్బెరొబెల్లో రైతులు సున్నం ఎందుకు వాడలేదు?
2. మతేరా నివాసాలు దిగజారడానికి గల కారణాలు పేర్కొనండి.

12.5 కురోన్: సరస్సులో నిలిచిన గోపురం

దక్షిణం నుంచి ఇప్పుడు ఉత్తర సరిహద్దుకు వెళదాం. ఆస్ట్రియా పక్కన, ఆల్ప్స్ పర్వతాల్లో రేసియా సరస్సు ఉంది. సరస్సు మధ్య నీటిలోంచి 14వ శతాబ్దపు చర్చి గోపురం ఒక్కటే పైకి కనిపిస్తుంది. చలికాలంలో నీరు గడ్డకడితే దాని దాకా నడిచి వెళ్తారు. ఇటలీలో ఎక్కువగా ఫోటోలు తీసే దృశ్యాలలో ఇదొకటి.

గోపురం కింద కురోన్ గ్రామం ఉంది. ఈ ప్రాంతం మొదటి ప్రపంచ యుద్ధం వరకు ఆస్ట్రియాలో భాగం. 1919 సంధితో ఇటలీకి వచ్చింది. ప్రజల భాష జర్మన్. ఫాసిస్టు ప్రభుత్వం వారి బడులనుంచి ఆ భాషను తొలగించింది, ఊళ్ల పేర్లు మార్చింది. ఇలాంటి పరిస్థితిలోనే జలవిద్యుత్తు కోసం ఇక్కడి రెండు సహజ సరస్సులను కలిపి, నీటిమట్టాన్ని 22 మీటర్లు పెంచే పథకం తయారైంది. యుద్ధం వల్ల పని ఆగింది గాని పథకం రద్దు కాలేదు. ప్రజల అభ్యంతరాలు ఫలించలేదు. 1950లో నీరు నింపారు. 163 ఇళ్లు, 523 హెక్టార్ల భూమి పోయాయి. ఇళ్లను కూల్చారు. గోపురాన్ని మాత్రం ప్రాచీన కట్టడమని కూల్చలేదు. అంటే గోపురానికి దొరికిన రక్షణ దాని చుట్టూ ఉన్న మనుషుల ఇళ్లకు దొరకలేదు.

2021లో మరమ్మతుల కోసం సరస్సులో నీరు తగ్గించినప్పుడు పాత ఇళ్ల గోడలు, మెట్లు, నేలమాళిగలు బయటపడ్డాయి. అప్పుడు ఫోటోలోని అందమైన గోపురం కింద ఒక ఊరు ఉందని చాలామందికి తెలిసింది.

12.6 చివీతా: కరిగిపోతున్న కొండ

రోమ్‌కు ఉత్తరంగా ఉన్న చివీతా ది బాన్యోరేజో ఊరిని సుమారు 2,500 ఏళ్ల కిందట ఎట్రుస్కన్లు నెలకొల్పారు. అగ్నిపర్వత బూడిద గట్టిపడి ఏర్పడిన రాతి మీద ఊరు ఉంది. ఆ రాతి కింద ఉన్నది బంకమట్టి. వానకు, వాగులకు బంకమట్టి కొట్టుకుపోతే పైరాయి ఆధారం లేక విరిగి పడుతుంది. 1695 భూకంపం తరువాత ప్రజల్లో ఎక్కువమంది పక్కనున్న బాన్యోరేజోకు తరలిపోయారు. 13వ శతాబ్దపు వేదాంతి సెయింట్ బొనవెంచర్ పుట్టిన ఇల్లు కూడా ఏనాడో లోయలో కలిసిపోయింది. 1965లో కట్టిన సన్నని నడక వంతెన ఒక్కటే నేడు ఊరికి దారి.

శాశ్వత నివాసులు ఇరవై మంది కూడా లేరు. యాత్రికులు ఏటా లక్షల్లో వస్తారు. 2013 నుంచి ఊళ్లోకి వెళ్లడానికి టికెట్ పెట్టారు. ఆ ఆదాయం పట్టణ ఖర్చులకు ఉపయోగపడుతోంది. 'చనిపోతున్న ఊరు' అనే పేరే ఈ ఊరికి బతుకుతెరువు అయింది.

12.7 తులనాత్మక పరిశీలన

ఈ ఐదు స్థలాలను సహజమైనవి, మానవ నిర్మితమైనవి అని విడదీయడం కష్టమని మీరు గమనించి ఉంటారు. పొజ్జువోలి స్తంభాలను మనుషులు నిలిపారు, సముద్రం గుర్తులు వేసింది. మతేరా కొండ ప్రకృతిది, వీధులు మనుషులవి. కురోన్ సరస్సు ప్రకృతిలా కనిపిస్తుంది గాని, దాని నేటి రూపం ఆనకట్టది.

జనం వెళ్లిపోవడానికి కారణాలు కూడా ఒకటి కావు. చివీతాలో అది నేల తెచ్చిన కష్టం. పొజ్జువోలిలో నేల వల్ల ముప్పు వచ్చింది, ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నది ప్రభుత్వం నిర్ణయించింది. మతేరాలో ప్రభుత్వం మంచి ఉద్దేశంతోనే తరలించింది. కానీ గుహల్లోనే నీరు, వెలుతురు, వైద్యం సమకూర్చే దారిని ఆనాడు గట్టిగా ఆలోచించలేదు. తరువాత హోటళ్ల కోసం అదే చేయగలిగారు. కురోన్‌లో ప్రజల నష్టానికి, విద్యుత్తు లాభానికి మధ్య ప్రజల మాటకు విలువ లేకపోయింది.

అల్బెరొబెల్లో వీటికి భిన్నం. అక్కడ కూడా పైవారి నిర్ణయమే ఇళ్ల రూపాన్ని శాసించింది. అయితే ప్రజలు హక్కు కోరారు, పొందారు. అందువల్ల ఇళ్లు నిలిచాయి, ఊరూ నిలిచింది. ఒక స్థలం భవిష్యత్తును తేల్చేది దాని అందం కాదు, అక్కడ ఉండేవారి మాట చెల్లడమా, చెల్లకపోవడమా అన్నదే.

12.8 సారాంశం

ఇటలీలోని అరుదైన దృశ్యాలు ప్రకృతి, ప్రజలు, ప్రభుత్వం కలిసి తయారుచేసినవి. స్తంభం మీది రంధ్రం, దానపత్రంలోని వాక్యం, సున్నంతో కట్టిన తొలి ఇల్లు, నీటి తొట్టి, మునిగిన మెట్లు, ఇవన్నీ చరిత్రకు ఆధారాలు. వారసత్వంగా గుర్తించిన చోటల్లా అక్కడ బతికినవారికి న్యాయం జరిగిందని అనుకోకూడదు. దర్శనీయ స్థలానికి వెళ్లిన చరిత్ర విద్యార్థి, ఇక్కడ ఏం చూడాలి అన్న ప్రశ్నతోపాటు ఇక్కడ ఉండినవారు ఎక్కడికి వెళ్లారు అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

12.9 కీలక పదాలు

బ్రాడిసీజం: అగ్నిపర్వత ప్రాంతంలో నేల నెమ్మదిగా పైకి లేవడం, కుంగడం.
త్రుల్లో: సున్నం లేకుండా రాళ్లు పేర్చి కట్టిన శంకు కప్పు ఇల్లు. బహువచనం త్రుల్లి.
సస్సీ: మతేరాలో రాతిని తొలిచి ఏర్పరచుకున్న నివాస పేటలు.
వీచినాతో: ఉమ్మడి వాకిలి చుట్టూ ఉన్న ఇళ్ల గుంపు, ఆ కుటుంబాల సహజీవనం.

12.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పొజ్జువోలి చరిత్రను తెలుసుకోవడానికి రాతి ఆధారాలు, లిఖిత ఆధారాలు ఎలా తోడ్పడ్డాయో వివరించండి.
2. మతేరా ప్రజల తరలింపులోని మేలును, నష్టాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1797 నాటి రాజు ప్రకటన వల్ల అల్బెరొబెల్లో ప్రజలకు కలిగిన మార్పు ఏమిటి?
2. కురోన్ గోపురం నిలిచి, గ్రామం మునగడానికి గల కారణాలు తెలపండి.

III. అభ్యాసం
మీ జిల్లాలో యాత్రికులు వచ్చే ఒక చోటును ఎంచుకోండి. అక్కడ పూర్వం నివసించినవారి గురించి పెద్దలను అడిగి, ఈ యూనిట్‌లోని మూడు ప్రశ్నల ఆధారంగా ఒక పేజీ నివేదిక రాయండి.